విరిగిన ఎముకకు బయటి నుంచి పట్టు: డాక్టర్ మాల్గేన్ జీవితం

మామిడికాయల కాలంలో దామలచెరువు తోటల్లో చెట్టు మీది నుంచి పడ్డవాళ్ళు, పూతలపట్టు రోడ్డులో లారీ గుద్దినవాళ్ళు తిరుపతి రుయా ఆస్పత్రికి వస్తుంటారు. అటువంటి వారిలో కొందరికి పొత్తికడుపు ముందు ఇనుప కడ్డీల చట్రం బిగించి ఉంటుంది. చూడ్డానికి వెళ్ళిన బంధువులు దాన్ని చూసి ఏడుస్తారు. వైద్యం చదివే మన సీనియర్లను అడిగితే ఆ దెబ్బల్లో ఒకదానికి మాల్గేన్ ఫ్రాక్చర్ అని పేరు చెబుతారు. ఆ పేరు గల మనిషి కథ ఇది.

జోసెఫ్ ఫ్రాన్స్వా మాల్గేన్ 1806లో ఫ్రాన్సు దేశంలోని షార్మ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి, తాత కూడా పల్లె వైద్యులే. పెద్ద డాక్టరు పట్టా లేకుండా, చిన్న పరీక్ష పాసై లైసెన్సు పొందిన తరగతి వారిది. కొడుకు అంతటితో ఆగలేదు. పారిస్ వెళ్ళి చదివి 1831లో డాక్టరు పట్టా పొందాడు. అదే ఏడు రష్యా మీద తిరగబడ్డ పోలండు ప్రజలకు వైద్యం చేయడానికి యుద్ధరంగానికి వెళ్ళాడు. వాళ్ళు ఓడిపోయాక తిరిగి వచ్చాడు.

ఆ రోజుల్లో సర్జన్ల గొప్ప అంతా చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందన్న దాంట్లోనే ఉండేది. మాల్గేన్ మాత్రం ఆస్పత్రి రిజిస్టర్లు తెరిచి కూర్చున్నాడు. 1836 నుంచి 1841 వరకు పారిస్ ఆస్పత్రులలో కాలు చెయ్యి తీసేసిన రోగుల లెక్క తీశాడు. తొడ దగ్గర కాలు తీసినవారిలో సగానికి పైగా చనిపోయారని తేలింది. తోటి సర్జన్లకు అది నచ్చే మాట కాదు. అయినా అచ్చు వేశాడు. నా మట్టుకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే ధైర్యమైనది ఇదే. అమెరికాలో ఈథర్ మత్తు వచ్చిన మూడు నెలలకే, 1847 జనవరి 12న, తాను దాన్ని వాడిన రోగుల సంగతి పారిస్ వైద్య అకాడమీలో వివరించింది కూడా ఆయనే.

1840లలో ఆయన మోకాలి చిప్ప రెండుగా పగిలినవారి కోసం ఒక పనిముట్టు చేయించాడు. కొక్కేల్లాంటి గోళ్ళు చర్మం పైనుంచి రెండు ముక్కలనూ పట్టుకుంటాయి. మధ్యలో మర తిప్పితే ముక్కలు దగ్గరికి వస్తాయి. విరిగిన ఎముకను బయటి నుంచి లోహంతో పట్టి ఉంచే పద్ధతికి తొలి అడుగుల్లో ఇది ఒకటి. చీము పడుతుందన్న భయంతో చాలామంది దాని జోలికి పోలేదు. ఆ భయం ఉత్తదేమీ కాదు, చీముకు సూక్ష్మక్రిములు కారణమన్న సంగతి అప్పటికి తేలలేదు.

1847లో వచ్చిన తన ఫ్రాక్చర్ల గ్రంథంలో కటి ఎముక గురించి కూడా రాశాడు. కటి ఒక వలయం. ఒక్కచోట చిట్లితే సాధారణంగా కదలదు. ముందు, వెనక రెండుచోట్లా విరిగితే ఆ పక్క సగం ఊడిపోయి పైకి జరుగుతుంది, కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఎక్స్‌రే లేని కాలంలో ఆయన దీన్ని విడదీసి చెప్పాడు. అయితే చికిత్సగా నడుము చుట్టూ కట్టు, మంచం తప్ప ఆనాటి వైద్యం దగ్గర ఏమీ లేదు. తాను చేయించిన కొక్కేల ఉపాయాన్నీ, తాను వర్ణించిన ఈ దెబ్బనూ ఆయన కలపలేదు. అవి కలవడానికి నూరేళ్ళు పట్టింది.

1865లో వైద్య అకాడమీ అధ్యక్షుడిగా కుర్చీలో ఉండగానే పక్షవాతం వచ్చింది. ఆ అక్టోబరు 17న కన్నుమూశాడు. రెండేళ్ళకు లిస్టర్ క్రిములను చంపే పద్ధతి ప్రకటించాడు. 1895లో ఎక్స్‌రే వచ్చింది.

ఇప్పుడు మనం బెల్టు పెట్టుకునే చోట చేతికి తగిలే ఎముక అంచులోకి రెండు పక్కలా మరల కడ్డీలు దించి, ముందు అడ్డంగా చట్రం బిగిస్తారు. తెరుచుకున్న వలయం మూసుకుంటుంది. లోపల రక్తం నిండే చోటు తగ్గుతుంది. ఈ దెబ్బలో ప్రాణం తీసేది ఎక్కువగా ఆ రక్తస్రావమే. వెనక భాగం విరిగితే చట్రం ఒక్కటే చాలదు, తరువాత స్క్రూలు వేయాల్సి వస్తుంది.

చెట్టు మీది నుంచి పడ్డవాడిని లేపి కూర్చోబెట్టకండి, బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకుపోకండి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా పంచెనో దుప్పటినో మడిచి తొడలు మొదలయ్యే చోట, పిరుదుల చుట్టూ బిగించి కట్టండి. నడుముకు కాదు, దానికంటే కిందికి.