ఎడారి మట్టిలో వానల చరిత్ర

అమెరికా పశ్చిమ భాగమున యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పునీటి సరస్సు ఉన్నది. దాని పడమట ఎడారి. ఆ నీటికి సుమారు వేయి అడుగుల ఎత్తున, కొండలకు మొలనూలు కట్టినట్లు, అలలు కోసిన గట్టు ఒకటి సాగిపోతుంది. చుక్క నీరులేని ఆ వాలుకు అలలెట్లు వచ్చాయి? ఈ ప్రశ్నకు సాక్ష్యాధారాలతో సమాధానం చెప్పినవాడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్.

ఆయన 1843 మే 6వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చిత్రకారుడు. 1862లో పట్టభద్రుడై మిచిగన్‌లో ఉపాధ్యాయుడుగా చేరాడు గాని, పిల్లల అల్లరికి తాళలేక సంవత్సరం నిండకుండానే మానుకున్నాడు. పిదప విద్యాసంస్థలకు శిలాజాలు సమకూర్చే ఒక సంస్థలో కొన్నేండ్లు పనిచేసి, 1871లో పశ్చిమ ప్రాంతపు సర్వే బృందంతో బయలుదేరాడు. 1879లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఏర్పడగా, ఆ ఎడారి ప్రాంతపు పరిశోధన ఆయన చేతికి వచ్చింది.

పూర్వం అక్కడ సుమారు 20 వేల చదరపు మైళ్ళ మంచినీటి సరస్సు ఉండేదని ఆయన కనుగొన్నాడు. దానికి బానవిల్ అని పేరు పెట్టాడు. అయితే అది ఏల ఎండిపోయింది? భూమి కదలిక వలననా, వానలు తగ్గుట వలననా?

ఉత్తరాన ఒక కనుమను తెంచుకొని సరస్సు పొర్లిపోయిన గుర్తులు దొరికాయి. ఆ వరదతో నీరు సుమారు 350 అడుగులు దిగింది. కాని అంతకంటె దిగువకు పోవడానికి దారి లేదు. మిగిలిన నీరు ఆవిరి కావలసిందే.

సరస్సు అడుగు మట్టి మరింత చెప్పింది. వాగులు కోసిన గట్లలో, క్రింద దళసరియైన పసుపుపచ్చని బంకమన్ను, పైన పలుచని తెల్లని సున్నపు మన్ను కనిపించాయి. రెండూ నిలకడ నీటి అడుగున పేరుకొన్నవే. కాని వాటి నడుమ వాగులు తెచ్చిన గులకరాళ్ళున్నాయి. లోతునీరు నిలిచియున్న చోట అట్టి రాళ్ళు పరచుకోవు గదా! కనుక సరస్సు ఒకసారి నిండి, ఎండి, మరల నిండినదని ఆయన నిర్ణయించాడు. ఆయన పర్యవేక్షణలో ఇజ్రాయెల్ రస్సెల్ నెవాడాలోని లహోంటన్ అనే ప్రాచీన సరస్సును పరిశోధించగా, అక్కడను ఇట్టి రెండు నిండు దశలే తేలాయి. దూరదూరాన ఉన్న రెండు సరస్సులు ఒకే తీరున నడిస్తే, కారణం ఆకాశంలో వెదకాలి గాని నేలలో కాదు. ఎడారి ఎల్లప్పుడూ ఎడారి కాదు, వాతావరణమే మారింది.

1890లో వెలువడిన ఆయన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది. ఏండ్లు లెక్కకట్టే సాధనాలు నాడు లేవు. తరువాతి వారు నేలలోనికి లోతుగా తొలిచి మట్టిని పైకి తీసి, అక్కడ సరస్సు నిండినది రెండుసార్లే కాదనీ, ఆ మహావరద సుమారు 18 వేల ఏండ్ల నాటిదనీ తేల్చారు. పద్ధతి మాత్రం గిల్బర్ట్‌దే: తోచిన ప్రతి ఊహనూ పరీక్షకు నిలపడం.

ఆయనయు పొరబడ్డాడు. 1891లో ఆరిజోనాలోని ఒక పెద్ద గుంటను పరీక్షించి, అది ఆవిరి ప్రేలుడు వలన ఏర్పడినదన్నాడు. ఉల్కాపాతం వలన ఏర్పడినదని పిమ్మట రుజువైంది. కాని 1896లో ఆ పరిశోధనను వివరిస్తూ, కొత్త సాక్ష్యం వస్తే తన నిర్ణయం మారవచ్చునని ఆయనే ఒప్పుకున్నాడు. విద్యార్థులు నేర్వవలసిన వినయమిది.

75వ పుట్టినరోజుకు అయిదు దినాల ముందు, 1918 మే 1వ తేదీన ఆయన కన్నుమూశాడు. 2022లో గ్రేట్ సాల్ట్ లేక్, కొలతలు మొదలైన నాటినుండి ఎన్నడూ లేనంతగా తగ్గింది. ఈసారి వానలకొరత ఒక్కటే కారణం కాదు. దానిలో చేరవలసిన నదుల నీటిని మనుషులు మళ్ళించుకుంటున్నారు. ఈ సంగతి కూడా ఆ అడుగు మట్టిలో వ్రాయబడుతూనే ఉన్నది.