సూరతు నగరపు వైద్యురాలు రుఖ్మాబాయి

ప్రసవవేదనలో రాహేలు ప్రాణము విడిచిన నాటినుండి ఎన్ని గృహములలో ఉయ్యాల కట్టవలసిన దినమే పాడె కట్టవలసిన దినమాయెనో లెక్కింపజాలము. ఆ దుఃఖమును తగ్గించుటకు పాటుపడిన భారతస్త్రీలలో డాక్టర్ రుఖ్మాబాయి ఒకరు.

ఆమె 1864లో బొంబాయిలో జన్మించెను. తల్లి జయంతీబాయి 15వ యేట ఆమెను కని, 17వ యేట విధవరాలాయెను. రుఖ్మాబాయికిని 11వ యేటనే వివాహము చేసిరి. ఈడేరిన పిమ్మట ఆమె ఆ కాపురమునకు పోనని నిరాకరింపగా, భర్త 1884లో న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. భర్తయొద్దకు పోవలెను, లేదా ఆరు నెలలు చెరసాలలో ఉండవలెనని 1887లో తీర్పు వచ్చినప్పుడు ఆమె చెరసాలకే సిద్ధపడెను. 1888లో రాజీ కుదిరి, 2,000 రూపాయలు చెల్లింపగా ఆమెకు విడుదల కలిగెను. మరుసటి యేడు ఇంగ్లండు వెళ్లి వైద్యవిద్య నభ్యసించి, 1895లో సూరతు స్త్రీల ఆసుపత్రికి వైద్యాధికారిణిగా వచ్చెను.

ఆ కాలమున పురుళ్లు గాలి, వెలుతురు లేని గదులలో జరుగుచుండెను. ఎముకలు పూర్తిగా ఎదుగకమునుపే గర్భవతులైన బాలికలకు కటిమార్గము ఇరుకై, దినములకొలది నొప్పులు పడినను శిశువు దిగకుండెను. బిడ్డ అడ్డము తిరుగుట, మాయ పడక రక్తస్రావమగుట, కడుగని చేతులవలన బాలింత జ్వరము సోకుట అనునవి తల్లులను బలిగొనుచుండెను. మంత్రసాని చేతులెత్తివేసిన తరువాతగాని ఆసుపత్రి జ్ఞాపకము వచ్చెడిది కాదు. అప్పటికి వైద్యమునకు గడువు మించిపోవుచుండెను. అక్కడ మరణించిన వారినిగూర్చి విని మిగిలినవారు ఆసుపత్రికే జడియుచుండిరి. ఆ జంకువలన మరింత ఆలస్యము, ఆ ఆలస్యమువలన మరిన్ని మరణములు!

ఈ భయమును మాటలతో పోగొట్టుట కష్టము. అందుచేత రుఖ్మాబాయి చూలుతోనున్న ఒక మూగజీవమును ఆసుపత్రికి తెప్పించి, అక్కడ అది క్షేమముగా ఈనుటను స్త్రీలకు చూపించెనని చెప్పుదురు. ప్రాణము నిలుపు స్థలమిదియేయని వారు కన్నులార గ్రహించిరి.

ఆమె 1917 వరకు సూరతులోనే పనిచేసెను. ప్లేగు వ్యాపించిన దినములలోను రోగులను విడువలేదు. పిమ్మట రాజకోటలో సేవచేసి, 1955లో బొంబాయిలో కన్నుమూసెను.

తన సమ్మతిలేని గడప త్రొక్కనని నిలిచిన స్త్రీయే, భయపడు తల్లులచేత ఆసుపత్రి గడప త్రొక్కించెను. విద్య ఆమె చేతికి నేర్పునిచ్చెను. ఆ చేతిని తల్లులు నమ్మునట్లు చేసినది ఆమె ఓర్పే. నేటికిని ప్రసవమున కష్టము తోచిన గడియలో జంకక, జాగుచేయక వైద్యునియొద్దకు చేర్చుటయే తల్లీబిడ్డలకు ప్రాణదానము.