జాబితా నుంచి బుచ్చమ్మ దాకా

రిజిస్టర్లు రాసి రాసి రిటైరైన మనబోటి వాళ్ళకి గురజాడ అప్పారావుగారిని మనవారని చెప్పుకునే హక్కు కొంత ఉందనుకుంటాను. ఆయనా ఉద్యోగస్తుడే. 1862లో విశాఖ జిల్లా ఎస్. రాయవరంలో పుట్టి, విజయనగరంలో చదివి, 1884లో అక్కడే హైస్కూల్లో 25 రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తా. ఆ తర్వాత కాలేజీలో పాఠాలు, సంస్థానంలో కొలువు, 1913లో పదవీ విరమణ. దక్కిన విశ్రాంతి రెండేళ్ళే. 1915 నవంబరు 30న కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు తిరగేశానంటే, మా మేనత్త గురించి నేనొక కథ రాశాను. ఏడో ఏట పెళ్ళి, తొమ్మిదో ఏట వైధవ్యం, తక్కిన బతుకంతా మా వంటింట్లో. నలభై ఠావులయింది. ఒక పత్రికవారు తిప్పి పంపారు. మా మనవరాలు చదివి, ఇందులో తేదీలున్నాయి గాని ఆ మామ్మ ఎక్కడుంది తాతయ్యా అని అడిగింది.

కోపం వచ్చింది. ఆ కోపంలోనే కన్యాశుల్కం మళ్ళీ తీశాను. పీఠికలో అప్పారావుగారు ఒక జాబితా సంగతి చెప్పారు. ఆనందగజపతి మహారాజు తయారు చేయించినది. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు, లెక్కకు అందినంతవరకే, 1,034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు.

నేనైతే ఆ కాగితానికే నాలుగు నిట్టూర్పులు చేర్చి కథ అనేవాడిని. ఆయన దాన్ని పీఠికలోనే వదిలేసి, నాటకంలోకి ఒక ఇంటిని తెచ్చారు. పద్ధెనిమిది వందలకు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోయే తండ్రి. అదే ఇంట్లో, అలాగే అమ్ముడుపోయి వితంతువై తిరిగొచ్చిన పెద్దకూతురు బుచ్చమ్మ. ఎవరి మాట వారిదే. గిరీశం ఇంగ్లీషు ఇంకొకరి నోట అతకదు, అగ్నిహోత్రావధాన్ల తిట్లూ అంతే. మనం నవ్వుతూనే ఉంటాం, తల్లి వెంకమ్మ నూతిలో దూకేదాకా.

ఇంకో సంగతి. 1892లోనే ఆడి మెప్పు పొంది, 1897లో అచ్చయిన నాటకం అది. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆయన, అసలే ఆరోగ్యం అంతంతమాత్రం, దాదాపు కొత్తగా తిరగరాశారు. 1909 కూర్పులో అయిదు అంకాలు ఏడయ్యాయి. మొదట అంత ప్రాధాన్యం లేని మధురవాణి నాటకానికే ప్రాణమైంది. మరుసటి ఏడు వచ్చిన దిద్దుబాటు కథలోనూ ఉపన్యాసం లేదు. అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన భర్త, ఖాళీ గది, మేజా మీద ఉత్తరం. భార్య మంచం కిందే ఉందని చివరికి గాని తెలియదు.

నా ఠావుల్లో తేదీలన్నీ కొట్టేశాను. మిగిలింది ఒక్కటే. గాజుల మలారం వాడు వీధిలోకి వచ్చాడంటే మా చెల్లెళ్ళు అరుగు మీదికి పరిగెత్తేవారు. అత్తయ్య మాత్రం పెరట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. ఆ గిన్నెల చప్పుడు దగ్గర మొదలుపెట్టి ఇప్పటికి మూడు పేజీలు రాశాను. మనవరాలికి ఇంకా చూపించలేదు.