తేనెటీగల భాష నేర్చిన ఫ్రిష్

పూలు రంగురంగులుగా పూయడం మన కన్నుల పండుగ కోసమేనని కవులు భావించారు. పుప్పొడిని చేరవేసే కీటకాలను పిలుచుకోవడానికని ప్రకృతి శాస్త్రజ్ఞులు భావించారు. కాని ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో నేత్రవైద్యశాలకు అధిపతిగా ఉన్న కార్ల్ ఫాన్ హెస్ అనే పండితుడు, చేపలకూ కీటకాలకూ రంగులు కనబడనే కనబడవని తీర్పు చెప్పాడు. ఆ తీర్పుకు తల ఊపలేకపోయిన యువకుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. చూసేవారికి రంగు తెలియనప్పుడు పువ్వు అంత శ్రమపడి రంగును ధరించడంలో అర్థమేమిటన్నది ఆయనను వేధించిన ప్రశ్న. ఆ ప్రశ్నే ఆయనను జీవితాంతం తేనెపట్టు ముందు నిలబెట్టింది.

ఫ్రిష్ 1886 నవంబరు 20న ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో జన్మించాడు. తండ్రి ఆంటన్ పేరుపొందిన శస్త్రవైద్యుడు. తల్లి మేరీ ఎక్స్‌నర్ అనే పండిత వంశపు ఆడపడుచు. నలుగురు అన్నదమ్ములలో కార్ల్ కనిష్ఠుడు. వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున బ్రున్‌వింకిల్ అనే చోట ఆ కుటుంబానికి ఒక పాత పిండిమర ఇల్లు ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. బాలుడైన కార్ల్ చేపలు, పక్షులు, బల్లులు, పురుగులు కలిపి నూరుకు పైగా రకాల ప్రాణులను పెంచాడు. గంటల తరబడి కదలక కూర్చుని వాటిని చూడటమే అతని ఆట.

తండ్రి కోరికపై వైద్యవిద్యలో చేరినా అతని మనస్సు జంతుశాస్త్రం మీదనే నిలిచింది. కీటకాల సంయుక్త నేత్రాలను పరిశోధించిన మేనమామ సిగ్మండ్ ఎక్స్‌నర్ శిక్షణ అందుకు దోహదం చేసింది. 1910లో డాక్టరేటు పట్టం పొంది, మ్యూనిక్‌లో రిచర్డ్ హెర్ట్‌విగ్ వద్ద సహాయకుడుగా చేరాడు. పరిసరాలకు తగినట్లు శరీరవర్ణం మార్చుకొని శత్రువు కంటబడకుండా తప్పించుకొనే మిన్నో అనే చిన్న చేపను పరిశీలించి, దానికి రంగులు తెలుసునని చెప్పాడు. హెస్ మండిపడ్డాడు. పేరు ప్రతిష్ఠలున్న పెద్దవాడు ఒకవైపు, ఉద్యోగం కూడా స్థిరపడని యువకుడు మరొకవైపు. మాటలతో తేలే తగవు కాదని గ్రహించిన ఫ్రిష్, సాక్ష్యం చెప్పమని తేనెటీగలనే పిలిచాడు.

ఆ పరీక్షకు పెద్ద పరికరాలేవీ అవసరం కాలేదు. ఒక బల్లమీద బూడిదరంగు అట్టముక్కలను, లేతవి మొదలు ముదురువి వరకు, పరిచాడు. వాటి నడుమ ఒక్క నీలిరంగు ముక్కను ఉంచి, దానిమీది గిన్నెలో మాత్రమే పంచదార నీరు పోశాడు. తేనెటీగలు అలవాటుపడిన తరువాత నీలిముక్క స్థానం మార్చి, గిన్నెలన్నీ ఖాళీ చేశాడు. అయినా అవి నేరుగా నీలిముక్కమీదనే వాలాయి. రంగు తెలియని కంటికి నీలం కూడా ఏదో ఒక బూడిదరంగుగానే కనిపించాలి కదా! ఎరుపుతో చేసినప్పుడు మాత్రం అవి తడబడ్డాయి. ఎరుపును నలుపునుండి వేరు చేయలేకపోయాయి. మన కంటికి అందని అతినీలలోహిత కాంతిని అవి చూడగలవని తరువాతి పరిశోధనలలో తేలింది. హెస్ చూసినదీ అబద్ధం కాదు. చీకటి గదిలో చిక్కి పారిపోజూసే తేనెటీగ వెలుతురునే చూస్తుంది. ఆకలితో తిరిగే తేనెటీగ రంగును చూస్తుంది. అవసరాన్ని బట్టి ఒకే కన్ను వేర్వేరు విషయాలను పట్టించుకొంటుందన్న సంగతిని ఆ పండితుడు గమనించలేదు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కంటిచూపు సరిగా లేనందున ఫ్రిష్‌ను సైన్యంలోకి తీసుకోలేదు. ప్రాణుల చూపును పరిశోధించినవానికి తన చూపు మందగించడం విచిత్రమే. అన్న నడిపే ఆసుపత్రిలో సేవచేస్తూ, అక్కడ పరిచయమైన మార్గరెట్ మోర్ అనే నర్సును 1917లో వివాహమాడాడు.

1923లో ఆయన ఒక చేపను గురించి ప్రకటించిన వ్యాసం పలువురిని ఆశ్చర్యపరచింది. చేపలకు చెవుడని అప్పట్లో చాలామంది నమ్మకం. ఫ్రిష్ చూపులేని ఒక జెల్లజాతి చేపకు ఆహారం ఇచ్చే ప్రతిసారీ ఈల వేసేవాడు. కొద్దిరోజులకే అది ఈల వినబడగానే తన గూడునుండి బయటకు రాసాగింది. దృష్టి ప్రమేయం లేకుండా చేయాలని ఆ చేప కళ్లను ఆయనే తొలగించాడు. ఇది నేడు మనకు కఠినంగానే తోస్తుంది. ఆ జాతి చేపలలో కడుపులోని గాలితిత్తినుండి లోపలి చెవి వరకు చిన్న ఎముకల వరుస ఉంటుంది. నీటిలోని ధ్వనికి తిత్తి కంపిస్తే, ఆ ఎముకలు కంపనాన్ని చెవికి అందిస్తాయి. బయటకు చెవి కనిపించనంత మాత్రాన వినికిడి లేదనుకోరాదు.

ఇక ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన విషయం తేనెటీగల నాట్యం. 1919 వసంతంలో గాజుపలకల పట్టులో ఒక తేనెటీగకు రంగుచుక్క పెట్టి చూడగా, ఆహారం దొరికిన ఆ ఈగ తిరిగివచ్చి గుండ్రంగా తిరగసాగింది. చుట్టూ ఉన్నవి దానిని తమ స్పర్శశృంగాలతో తాకుతూ వెంబడించి, వెంటనే బయటకు ఎగిరిపోయాయి. కొన్ని ఈగలు గుండ్రంగా తిరుగక, ఉదరాన్ని ఊపుతూ తిన్నగా నడిచి మళ్లీ మొదటికి వచ్చేవి. గుండ్రని నాట్యం మకరందానికి, ఊపు నాట్యం పుప్పొడికి గుర్తులని ఆయన ప్రకటించాడు. లోకం ఒప్పుకొంది. కాని అది పొరపాటు.

ఆ పొరపాటు బయటపడే నాటికి ఆయన జీవితమే తలకిందులైంది. 1925 నుండి మ్యూనిక్‌లో ఆచార్యుడు. 1933లో నాజీలు అధికారానికి వచ్చాక యూదులైన సహాయకులను చేరదీశాడని ఆయనపై నింద మోపారు. ఆయన అమ్మమ్మ యూదు వంశీయురాలని 1941లో నిర్ధారించి, పదవినుండి తొలగించ నిశ్చయించారు. అదే కాలంలో నోసీమా అనే పేగువ్యాధి సోకి దేశంలో కొన్ని లక్షల తేనెటీగ కుటుంబాలు నశించాయి. తేనె సంగతి అటుంచి, పండ్లతోటలు కాయవన్న భయం పుట్టింది. ఆ వ్యాధిని పరిశోధించగలవాడు ఆయనేనని మిత్రులు వాదించగా, తొలగింపును యుద్ధం ముగిసేవరకు వాయిదా వేశారు. జీవితమంతా తాను కనిపెట్టుకొని ఉన్న తేనెటీగలే ఆయనకు రక్షణ కల్పించాయి.

1944లో బాంబుదాడులకు ఆయన ఇల్లు, పరిశోధనశాల దెబ్బతిన్నాయి. బ్రున్‌వింకిల్ చేరి, గిన్నెలను పట్టుకు దూరంగా పెట్టి చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. మకరందం తెచ్చినవి కూడా, దూరంనుండి వస్తే, ఊపు నాట్యమే చేస్తున్నాయి! తేడా ఆహారంలో లేదు, దూరంలో ఉంది. అరవైయేళ్లకు చేరువైన ఆచార్యుడు తాను ఇరవైయేళ్లకు పైగా చెబుతూ వచ్చినది తప్పని స్వయంగా అచ్చువేయించాడు. నాకు ఆయన ఆవిష్కరణలన్నిటికంటె ఇదే గొప్పదనిపిస్తుంది.

నూరు మీటర్ల దూరానికి పదిహేను సెకన్లలో తొమ్మిది, పది చుట్లు తిరిగే తేనెటీగ, వేయి మీటర్లకు నాలుగైదు చుట్లే తిరుగుతుంది. చీకటి పట్టులో నిలువుగా పైకి నడిస్తే సూర్యుని వైపు వెళ్లమని అర్థం. నిలువుకు ఎంత కోణంలో నడిస్తే, సూర్యునికి అంత కోణంలో ఆహారం ఉంటుంది. సూర్యుడు మబ్బుచాటున ఉంటే? ఒక్కొక్క కంటిలోని సుమారు ఐదువేల నేత్రాంశాల సాయంతో, నీలాకాశపు చిన్నముక్క కనబడినా చాలు, అందలి ధ్రువిత కాంతిని బట్టి తేనెటీగ దిక్కును గుర్తిస్తుందని 1949లో ఫ్రిష్ ప్రకటించాడు.

యుద్ధంలో గాయపడి వచ్చి ఆయన శిష్యుడైన మార్టిన్ లిండావర్, సింహళం వెళ్లి అక్కడి చిన్న తేనెటీగను పరిశీలించాడు. మన పల్లెలలో పొదల కొమ్మలకు ఒంటిరేకు పట్టు పెట్టేది కూడా ఆ జాతియే. అది పట్టు పైభాగాన బల్లపరుపు చోట, ఆకాశం కిందనే, ఆహారమున్న దిక్కుకు తిన్నగా నడిచి చూపుతుంది. నిలువు పట్టుమీద నాట్యమాడే జాతులకు మాత్రమే సూర్యుని దిక్కును నిలువుకు మార్చి చెప్పవలసిన అవసరం ఏర్పడింది.

1973లో కాన్రాడ్ లోరెంజ్, నికో టింబర్గెన్‌లతో కలిసి ఫ్రిష్ నోబెల్ బహుమతి పొందాడు. అప్పటికి ఆయనకు ఎనభైయేడేళ్లు. తేనెటీగలు వాసనను బట్టే వెళతాయి గాని నాట్యాన్ని బట్టి కాదని వాదించేవారు అప్పటికీ ఉన్నారు. 1982 జూన్ 12న ఆయన మ్యూనిక్‌లో మరణించాడు. 1989లో డెన్మార్కు, జర్మనీ శాస్త్రజ్ఞులు ఇత్తడితో ఒక తేనెటీగ బొమ్మను చేసి, మైనం పూసి, పట్టులో ఫ్రిష్ చెప్పిన లెక్కప్రకారం ఆడించారు. పట్టు విడిచి బయలుదేరిన తేనెటీగలలో ఎక్కువ భాగం ఆ బొమ్మ చూపిన దిక్కుకే ఎగిరాయి.