గిడుగు రామమూర్తిగారి కాలవినియోగము

తీఱిక లేదని వగచు పెద్దమనుష్యులు మనలో పెక్కండ్రు గలరు. అట్టివారి యెదుట మేము గిడుగు వేంకట రామమూర్తిగారి జీవితము నుంచుచున్నాము.

ఆయన 1863వ సంవత్సరమున శ్రీకాకుళప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులై, ఉద్యోగము చేయుచునే ఇంట జదువుకొని బి.ఏ. పరీక్షయందు గృతార్థులైరి. ఎన్నియేండ్ల శ్రమ! నేటి మన తొందరకు ఇది నవ్వు పుట్టింపవచ్చును. నౌపడనుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చిన 1900 నాటికి ఆయన అచ్చట ఇరువదియేండ్లుగా నుండిరి.

ఈ పనుల నడుమనే, చుట్టుకొండలయందలి సవరల భాష నేర్వ బూనిరి. అప్పటి కా భాషకు లిపి లేదు. సవర తెలిసిన యొకని నింట నుంచుకొని మాటలు వ్రాసికొనిరి, అడవులు దిరిగిరి. మన్యపుజ్వరమునకు మ్రింగిన క్వినైను వినికిడిని హరించెను. విని నేర్వవలసిన భాషను సాధించువానికి ఇంతకన్న నష్ట మేమి గలదు? అయినను తొట్రుపడలేదు, పని మానలేదు.

1911లో ఉద్యోగము విడిచిన పిమ్మట వ్యావహారికభాషోద్యమమునకు బూర్తిగా గడంగిరి. (ఆయన చరిత్రమును గ్రాంథికమున వ్రాయుటకు మే మించుక సిగ్గుపడుచున్నాము.) అప్పుడును సవరను విడువలేదు. 1931లో సవరభాషావ్యాకరణము వెలువడెను.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో జేరగా, డెబ్బదిమూడవయేట ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. రెండేండ్లకు సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చుపడెను. 1940 జనవరి 22న దివంగతులైరి.