మీర్ తఖీ మీర్: అనాథ బాల్యము, తండ్రి చూపిన వెలుగు

ఉర్దూ చదివే విద్యార్థులలో మీర్ తఖీ మీర్ పేరు ఎరుగని వారుండరు. ఆయన గజళ్ళలోని వేదనను ప్రియురాలి ఎడబాటుగా మాత్రమే గ్రహించడం పరిపాటి. ఆ వేదనకు మూలం ఆయన బాల్యంలోనూ కలదని మా అభిప్రాయం. అందుచేత ఆ బాల్యాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

మీర్ 1723లో ఆగ్రాలో జన్మించారు. తండ్రి మహమ్మద్ అలీ సూఫీ మార్గంలో జీవించిన దైవభక్తుడు. జనులు ఆయనను అలీ ముత్తఖీ అని గౌరవంగా పిలిచేవారు. ఆయన శిష్యుడు సయ్యద్ అమానుల్లా మీర్‌ను కన్నబిడ్డవలె పెంచారు. ఫకీరుల సన్నిధిలో కూర్చొని వారి మాటలు వినడమే ఆ బాలుని తొలి చదువు. సృష్టి యావత్తూ ప్రేమ వలననే నడుస్తున్నదని తండ్రి బోధించేవారు.

మీర్‌కు సుమారు పదేళ్ళ వయసులో అమానుల్లా మరణించారు. కొద్దికాలానికే తండ్రియు కన్నుమూశారు. మిగిలినది 300 రూపాయల ఋణం. సవతి అన్న బాధ్యత వహింప నిరాకరించాడు. బ్రతుకుతెరువు వెదుకుతూ ఢిల్లీ చేరిన బాలునికి నవాబు సంసాముద్దౌలా దినమునకు ఒక రూపాయి భృతి ఏర్పరచారు. 1739లో నాదిర్షాతో జరిగిన కర్నాల్ యుద్ధంలో ఆ నవాబు మరణించగా ఆ ఆధారమూ తొలగిపోయింది. పిమ్మట సవతి అన్నకు మేనమామ అయిన ఖాన్ ఆర్జూ ఇంట తలదాచుకున్నారు. అక్కడ నిరాదరణకు గురి అయినట్లు మీర్ తన ఆత్మకథ 'జిక్రె మీర్'లో వ్రాసుకున్నారు.

ఆ దినములలోనే ఆయనకు మతి చలించింది. చంద్రబింబంలో ఒక సుందర రూపం కనిపించేది. రాత్రులు దానితోనే గడిచేవి. ఆయన స్థితి చూచి జనులు దూరమయ్యారు. అపుడు తండ్రి యెడల భక్తి గల ఒక ఇల్లాలు, ఫఖ్రుద్దీన్ ఖాన్ భార్య, ధనం వెచ్చించి వైద్యం చేయించింది. క్రమంగా ఆయన కోలుకున్నారు.

కాని గాయం పూర్తిగా మానలేదు. అభిమానం, అనుమానం, ఏకాంతప్రియత్వం ఆయనను జీవితాంతం వీడలేదు. 1752 నాటి తన కవిచరిత్రలో గురువుగా కొనియాడిన ఆర్జూనే ఆత్మకథలో నిందించారు. 1782లో లక్నో చేరి ఆదరణ పొందినా ఢిల్లీని మరువలేకపోయారు. 1810లో ఆరు ఉర్దూ దీవానులను మనకు విడిచి పరమపదించారు.

మరి ఆధ్యాత్మికత ఆయనకు ఏమి చేసింది? దుఃఖాన్ని తుడిచివేయలేదు, దానికొక అర్థం కల్పించింది. తండ్రి నేర్పిన ప్రేమతత్త్వమే ఆయన కవితకు ప్రాణమయింది. తండ్రి సంపాదించిన భక్తుల అభిమానమే ఆపత్కాలంలో ఔషధమై తిరిగి వచ్చింది. ప్రార్థన, వైద్యం, మానవుని ఆదరణ పరస్పర విరోధులు కావని ఈ జీవితం నిరూపిస్తున్నది.

నాడు నిజాం రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదు నుండి 'జిక్రె మీర్'ను 1928లో మౌల్వీ అబ్దుల్ హఖ్ ప్రకటించడం మన ప్రాంతానికి గర్వకారణం. విద్యార్థులు దానిని చదువుదురుగాక. తల్లిదండ్రులను కోల్పోయిన విద్యార్థికి భృతి ఒక్కటే చాలదనీ, అతని మాట ఓపికగా వినే పెద్దదిక్కు కూడ కావలెననీ కళాశాల సంఘం వారికి సవినయంగా మనవి చేస్తున్నాము.