28 పౌనులతో బ్రతికిన జాన్ వెస్లీగారు

ఆదాయము పెరిగిన కొలది అవసరములు పెంచుకొనుట మనకు అలవాటే. వెస్లీగారి లెక్క వేరు. ఆయన 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్తులో, పాదిరిగారి ఇంట జన్మించిరి. 1705లో తండ్రి అప్పు తీర్చలేక చెరసాలకు వెళ్లెను. అట్టి ఇంటి బిడ్డ డబ్బు కూడబెట్టుకొనినను మనము తప్పు పట్టలేము.

ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు, ఒక చలి దినమున, పలుచని బట్టతో వణకుచున్న పేద బాలిక ఆయన యొద్దకు వచ్చెను. వెచ్చని బట్టకు ఇత్తమన్న చేతిలో చాలినంత లేదు. గది గోడలకు పటములు కొనియుండిరి! ఆ పటములే ఆయనను నిలదీసినట్లయ్యెను.

ఏటికి 30 పౌనులు వచ్చినప్పుడు 28తో గడిపి 2 పౌనులు దానమిచ్చిరి. 60 వచ్చిన ఏట 32, 90 వచ్చిన ఏట 62, 120 వచ్చిన ఏట 92. తనకు మాత్రము ఆ 28 పౌనులే. (జీతము పెరిగిన నెలలో కానుక పెంచినవారు మనలో ఎందరో!) 1776లో పన్ను అధికారులు వెండి సామానుల లెక్క అడుగగా, లండనులో రెండు, బ్రిస్టలులో రెండు చెంచాలు కలవని వ్రాసి పంపిరి.

1785 జనవరిలో, 81 ఏండ్ల వయస్సున, చీలమండల లోతు కరుగు మంచులో ఐదు దినములు లండను వీధులు తిరిగి, పేదల బట్టలకై 200 పౌనులు అడిగి తెచ్చిరి, జబ్బుపడిరి. ఇచ్చుటకంటె ఇతరుల కొరకు చేయి చాచుటయే కష్టమని మాకు తోచుచున్నది.

1791 మార్చి 2న కన్నుమూసిరి. తన దేహమును మోయుటకు ఆరుగురు బీదలను పిలిచి, ఒక్కొక్కరికి ఒక పౌను ఇమ్మని వీలునామాలో వ్రాసియుండిరి.